ఒకటి, మూడు, నాలుగు, రెండు

నాకు నాలుగు సిలిండర్లు. వాటిలో నిప్పు పడే వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఫ్యాక్టరీలో తొలిసారి స్టార్టు చేసిన రోజు నుంచి ఇవాళ్టి దాకా ఆ వరస మారలేదు. నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు 100 సార్లు ప్లగ్గుల దగ్గర నిప్పు మెరవాలి. ఆ వందలో నాలుగైదు తప్పాయంటే వెనక సీట్లో నిద్రపోతున్న పసిపిల్లాడు కూడా లేస్తాడు. బండి ఒక్కసారి ముందుకీ వెనక్కీ కుదుపుతుంది. ఆ వెంటనే సైలెన్సర్లో ఢామ్మని మోగుతుంది. షెడ్లలో దీన్ని మిస్సింగ్ అంటారు. ఈ వయసులో నన్ను పట్టుకుని వదలని జబ్బు అదే.

నేను అంబాసిడర్ ఇంజన్ని. 1489 సి.సి., పెట్రోలు, పోత ఇనుము ఒళ్ళు. మా వంశం ఇంగ్లండుది. 1950లలో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బి-సిరీస్ అని పిలిచిన ఇంజన్లు మావాళ్ళు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంటిల్లిపాది కారులోనూ మేమే ఉన్నాం, ఎం.జి.ఎ. అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారులోనూ మేమే ఉన్నాం. ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసు బండే కలకత్తా దగ్గర ఉత్తరపారాలో, హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో, అంబాసిడర్ అయింది. తొలినాళ్ళ అంబాసిడర్లకు సైడ్ వాల్వ్ ఇంజను ఉండేది. దాని చోట్లోకి, వాల్వులు నెత్తిమీద ఉన్న మేం వచ్చాం. నేను పుట్టింది 1980ల మొదట్లో, మార్క్ 4 బండి కోసం. 2014లో ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీయే ఆగిపోయింది. నా ఈడు పెట్రోలు ఇంజన్లు చాలావరకు డీజిలు ఇంజన్లకు చోటిచ్చి తుక్కు కొట్లకు చేరాయి. నన్ను ఉంచుకున్న ఇల్లు నరసరావుపేటలో ఉంది.

నన్ను కొన్నది ఒక డాక్టరు గారు. పురిటి కేసు ఉందని అర్ధరాత్రి కబురొస్తే బురద రోడ్ల మీద నాతోనే పల్లెలకు వెళ్ళేవారు. ఆయన పోయాక కొడుకు చూసుకుంటున్నారు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఊరంతా ఆయన్ని మాస్టారనే అంటుంది, నేనూ అదే అంటాను. నూనె ఎప్పుడు మార్చిందీ, టాపెట్లు ఎప్పుడు సెట్ చేసిందీ ఒక నోటుబుక్కులో రాస్తారు. తండ్రి గారి నుంచి వచ్చిన అలవాటు అది. ఇంజన్ను ఇంత శ్రద్ధగా చూసుకునే మనిషి చేతిలో పడటం నా అదృష్టం.

ఆ జబ్బు వినుకొండ రోడ్డులో మొదలైంది. ఆ రోడ్డు చదునుగా, తిన్నగా ఉంటుంది. మాస్టారు యాభై, యాభై అయిదు మీద, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి తోలతారు. హాయిగా పోతూ పోతూ ఉన్నట్టుండి నిప్పు ఆగిపోయేది. సిలిండర్లోకి పెట్రోలు గాలి వచ్చింది, పిస్టన్ పైకొచ్చి దాన్ని నొక్కింది, రావాల్సిన నిప్పు రాలేదు. నాకు తెలిసేది అంతవరకే. కాలని ఆ పెట్రోలు ఆవిరి అలాగే సైలెన్సర్లోకి పోయేది. తర్వాత నిప్పు పడిన సిలిండర్ నుంచి మండుతూ వచ్చే పొగ తగిలి అక్కడ పేలేది. లోపం ఎక్కడుందో నేను చెప్పలేను. ఏ సమయంలో తప్పుతున్నానో మాత్రం ప్రతిసారీ చూపిస్తూనే వచ్చాను. అది గమనించే మనిషి కోసం చాలాకాలం ఎదురుచూడాల్సి వచ్చింది.

మొదటి షెడ్డులో ప్లగ్గులు విప్పారు. అది మంచి పనే. ప్లగ్గు మొహం చూస్తే నా ఒంట్లో సంగతి సగం తెలుస్తుంది. కొన దగ్గర పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే నేను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువవుతోంది, జిడ్డుగా తడిసి ఉంటే రింగులో వాల్వు గైడ్లో అరిగి నూనె దిగుతోంది. ఆ రోజు నాలుగు ప్లగ్గులకీ కొద్దికొద్దిగా మసి ఉంది, నాలుగింటికీ ఒకేలా ఉంది. ఆ చివరి సంగతే ముఖ్యం. ఒక్క ప్లగ్గు నల్లబడి మూడు బాగుంటే జబ్బు ఆ సిలిండర్‌ది: దాని ప్లగ్గో, వైరో, వాల్వో. నాలుగూ ఒకేలా ఉంటే నలుగురికీ ఉమ్మడిగా ఉన్న చోట వెతకాలి. కాయిల్, పాయింట్లు, కండెన్సర్, రోటర్, వాటికి కరెంటు తెచ్చే వైర్లు, లేదా కార్బొరేటర్. అక్కడి కుర్రాడు ఇవేవీ చూడకుండా నాలుగూ పారేసి కొత్తవి బిగించాడు. వినుకొండ రోడ్డెక్కగానే మళ్ళీ తన్నాను.

రెండో షెడ్డులో డిస్ట్రిబ్యూటర్ మూత తీశారు. పాయింట్లు, కండెన్సర్, రోటర్, మూత, ప్లగ్గు వైర్లు, కాయిల్ అన్నీ ఒక్క పూటలో మార్చేశారు. ఇది నాకు అస్సలు నచ్చని పద్ధతి. ఆరు వస్తువులు ఒకేసారి మారిస్తే, జబ్బు పోయినా ఏది పోగొట్టిందో తెలియదు. పోకపోతే ఆ ఆరూ బాగున్నాయని నమ్మడానికీ లేదు, ఎందుకంటే ఈ రోజుల్లో అట్టపెట్టెలోంచి అప్పుడే తీసిన కండెన్సర్ కూడా పాడైంది కావచ్చు. పాత పాయింట్ల మొహాలు ఒకసారి వెలుతురులో పెట్టి చూసి ఉంటే సరిపోయేది. కండెన్సర్ పోతే పాయింట్లు విడిన ప్రతిసారీ నిప్పు ఎగిరి, అవి నీలంగా కాలి, ఒకవైపు గుంట, రెండోవైపు గుబ్బ కడతాయి. నావి బూడిద రంగులో, చదునుగా ఉన్నాయి. కండెన్సర్ తప్పేం లేదని అవి సాక్ష్యం చెబుతున్నాయి. వాటిని చెత్తలో పడేశారు.

మూడో చోట నేరం పెట్రోలు మీద మోపారు. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా కలుస్తోంది, నా కాలపు రబ్బరు గొట్టాలకూ వాషర్లకూ అది పడదు. అందులో అబద్ధమేమీ లేదు. గొట్టాలు మార్చారు, ట్యాంకు కడిగారు, కార్బొరేటర్ విప్పి జెట్లలో గాలి కొట్టారు. అవన్నీ నాకు మేలు చేశాయి. జబ్బు మాత్రం పోలేదు. పెట్రోలు అందకపోతే బండి ఎలా ప్రవర్తిస్తుందో తెలిసినవాళ్ళకు ఈ అనుమానం అసలు రాదు. పెట్రోలు తగ్గితే ఇంజను మెల్లగా నీరసపడుతుంది, లాగదు, సాగుతుంది. నిప్పు ఆగితే కత్తితో కోసినట్టు ఒక్క క్షణంలో తెగి, ఒక్క క్షణంలో తిరిగొస్తుంది. నాది ఈ రెండో రకం. స్టీరింగు పట్టుకున్న చేతికి ఆ తేడా తెలిసిపోతుంది.

ఇక నాలుగో ఆయన, హెడ్ దించాలి, వాల్వులు గ్రైండింగ్ చేయాలి అన్నారు. మాస్టారు ముందు కంప్రెషన్ చూడమన్నారు. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌కీ గేజి పెట్టి చూస్తే నాలుగూ దాదాపు సమానంగా వచ్చాయి. వాల్వు కాలినా, హెడ్ గ్యాస్కెట్ కొట్టినా అలా రావు. పైగా వాల్వు జబ్బు అయితే నిలబెట్టినప్పుడు కూడా ఇంజను కుంటుతుంది. నేను నిలకడ మీద చక్కగా ఆడుతున్నాను. హెడ్ దించనివ్వకుండా మాస్టారు నన్ను ఇంటికి తెచ్చేసుకున్నారు. అందుకు ఆయనకు రుణపడి ఉంటాను.

పెద్ద మేస్త్రీ దగ్గరికి అప్పుడు వెళ్ళాం. గుంటూరు రోడ్డులో చిన్న రేకుల షెడ్డు. అంబాసిడర్లూ, ఫియట్లూ తిరిగిన కాలమంతా వాటిలో చేయి పెట్టిన మనిషి. ఇప్పుడు చూపు కాస్త తగ్గింది, పక్కన మనవడి వయసు కుర్రాడొకడు పనిముట్లు అందిస్తాడు. మేస్త్రీ బానెట్ ఎత్తలేదు. ముందు స్టూలు వేసి మాస్టార్ని కూర్చోబెట్టాడు.

“ఎప్పుడు తన్నుద్ది మాస్టారూ?”

“తోలేటప్పుడే మేస్త్రీ గారూ.”

“అదిగాదండీ. మిట్ట ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా, సాఫీగా పోయేటప్పుడా?”

మాస్టారు కాసేపు ఆలోచించారు. “మొన్న కోటప్పకొండ ఘాటు రోడ్డు ఎక్కాను. నలుగురం ఉన్నాం బండిలో. ఒక్కసారి కూడా తన్నలేదు. చదును మీద, కాలు ఊరికే ఆనించి పోతుంటేనే వస్తోంది. పూర్తిగా తొక్కితే పోతోంది.”

“నిలబెడితే?”

“ఏ గొడవా లేదు.”

“మరి ఈ మాట ఆ షెడ్లవాళ్ళకు చెప్పలేదా?”

“ఎవరూ అడగలేదండీ.”

మేస్త్రీ కుర్రాడి వైపు తిరిగాడు. “విన్నావంట్రా? కొండెక్కేటప్పుడు గాలీ పెట్రోలూ నిండుగా పోతాయి. సిలిండర్లో ఒత్తిడి పెరుగుద్ది. ఆ ఒత్తిట్లో ప్లగ్గు దగ్గర నిప్పు దూకాలంటే బలం ఎక్కువ కావాల. కాయిల్ నీరసపడినా, ప్లగ్గు వైరు లీకైనా, రోటరు చిట్లినా ముందు బయటపడేది కొండ మీదే. ఈ బండి కొండెక్కింది. అంటే అవన్నీ బాగానే ఉన్నయ్. ఇప్పుడు చెప్పు, కొండ మీద పని చెయ్యకుండా, నిలబెట్టినప్పుడు పని చెయ్యకుండా, సాఫీగా పోయేటప్పుడు మాత్రమే పని చేసేది ఇంజన్లో ఏముంది?”

కుర్రాడికి తెలియలేదు. కొత్త బండ్లలో అది కంప్యూటర్ చేసే పని, కంటికి కనిపించదు. నాలో కనిపిస్తుంది. ఎడమ పక్క కార్బొరేటర్, కుడి పక్క డిస్ట్రిబ్యూటర్, ఆ రెంటినీ కలుపుతూ నా నెత్తి మీదుగా పోయే సన్నటి గొట్టం. అదే వాక్యూమ్ గొట్టం. యాక్సిలరేటర్ తేలిగ్గా తొక్కి పోయేటప్పుడు సిలిండర్లోకి వచ్చే పెట్రోలు గాలి పలచగా ఉంటుంది. పలచనిది నెమ్మదిగా కాలుతుంది కాబట్టి నిప్పు కాస్త ముందే పడాలి. అప్పుడు కార్బొరేటర్ దగ్గర పుట్టే పీల్పు ఈ గొట్టం గుండా డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న డబ్బాలోని పల్చటి పొరను లాగుతుంది. ఆ పొరకు తగిలించిన కడ్డీ లోపలి పళ్ళేన్ని, దానితోపాటు పాయింట్లను, కొద్దిగా తిప్పుతుంది. పాయింట్లు ముందే విడితే నిప్పూ ముందే పడుతుంది. నిలకడ మీద ఉన్నప్పుడు గొట్టం రంధ్రం కార్బొరేటర్ రేకుకు ఇవతల ఉంటుంది, దానికి పీల్పు తగలదు. పూర్తిగా తొక్కితే రేకు తెరుచుకుని పీల్పే తగ్గిపోతుంది. మధ్యలో ఉన్నప్పుడు మాత్రం పళ్ళెం అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. నేను తన్నే సమయమూ సరిగ్గా అదే.

మేస్త్రీ గొట్టాన్ని కార్బొరేటర్ దగ్గర ఊడదీసి, ఆ రంధ్రానికి చిన్న రబ్బరు ముక్క బిగించాడు. “ఒక చుట్టు వేసి రండి మాస్టారూ” అన్నాడు. సాతులూరు వైపు వెళ్ళొచ్చాం. పికప్ కొంచెం మందగించింది, అంతే. ఒక్కసారి కూడా తన్నలేదు. తిరిగొచ్చి గొట్టం తగిలించి వెళితే మళ్ళీ ఢామ్. ఒకే ఒక్క వస్తువు తీసి చూడటం, పెట్టి చూడటం. అప్పటిదాకా ఏ షెడ్డులోనూ ఎవరూ చేయని పని అది.

కానీ మేస్త్రీ అక్కడ ఆగలేదు. ఆగితే వాక్యూమ్ డబ్బా మార్చి పంపేవాడు, జబ్బు నాతోనే ఇంటికొచ్చేది. డబ్బాలో పొర చిరిగితే అందులోంచి దొంగ గాలి పోయి కూడా ఇంజను తడబడగలదు. గొట్టం కొసను లుంగీకి తుడిచి నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాడు. పీల్చి నాలుక అడ్డం పెట్టాడు. నాలుక గొట్టానికి అంటుకుని అలాగే నిలబడింది. పొరకు చిల్లు లేదు. తర్వాత నన్ను స్టార్టు చేసి, నిలకడ మీద ఆడుతుండగా మళ్ళీ పీల్చాడు. నిప్పు ముందుకు జరిగి నా వేగం కాస్త పెరగాలి అప్పుడు. పెరగలేదు. కుదుపు, వెనక పేలుడు. రోడ్డు మీద తప్ప రాని జబ్బును షెడ్డులో, నిలబెట్టిన బండి మీద, నోటితో రప్పించాడు.

“దొరికింది రోయ్. మూత తియ్యి.”

ఇంజను ఆపి, హ్యాండిల్ రాడ్ పెట్టి నన్ను మెల్లగా తిప్పి, పాయింట్లు గట్టిగా మూసుకున్న చోట ఆపారు. తాళం ఆన్ చేసి, చిన్న బల్బుకు ఒక వైరు కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే కొసకు, రెండో వైరు బాడీకి పెట్టారు. పాయింట్లు మూసుకుని ఉంటే కరెంటు వాటి గుండా ఎర్తులోకి పోతుంది, బల్బు వెలగకూడదు. వెలగలేదు. మేస్త్రీ గొట్టం పీల్చాడు. లోపల పళ్ళెం తిరిగింది. పాయింట్లు మూసుకునే ఉన్నాయి, కుర్రాడు మొహం దగ్గరగా పెట్టి చూస్తూనే ఉన్నాడు. బల్బు వెలిగింది. పీల్పు వదిలితే ఆరింది.

“పాయింట్లు విడలేదు తాతా!”

“విడలేదుగా. మరి కరెంటు ఎక్కడ తెగింది?”

ఇద్దరూ ఒకేసారి ఆ వైరు వైపు చూశారు. డిస్ట్రిబ్యూటర్ గోడ లోంచి పాయింట్లకు వచ్చే వైరు, చిటికెన వేలంత పొడవు కూడా ఉండదు. పైన తొడుగు చెక్కు చెదరలేదు. మేస్త్రీ రెండు గోళ్ళ మధ్య పట్టుకుని వంచుతూ పోయాడు. ఒకచోట అది మిగతా వైరులా ఎదురు తిరగకుండా మెత్తగా మడతపడింది. బ్లేడుతో తొడుగు చీల్చాడు. లోపల జుట్టులాంటి రాగి పోగులన్నీ తెగి, కొసలు నల్లబడి ఉన్నాయి. పళ్ళెం తన చోట ఉన్నంతసేపూ ఆ కొసలు ఒకదానికొకటి తగులుతూ కరెంటు పోనిస్తాయి. పళ్ళెం తిరిగి వైరు సాగగానే విడిపోతాయి. ఇన్నేళ్ళుగా తిరిగే ప్రతి చిన్న మలుపుకీ ఒక్కో పోగు తెగుతూ వచ్చి, చివరికి ఒక్కటీ మిగల్లేదు.

పాయింట్ల పెట్టెలో ఆ వైరు రాదు. కండెన్సర్‌తో రాదు, కాయిల్‌తో రాదు. నా డిస్ట్రిబ్యూటర్లో మార్చగలిగినవన్నీ మార్చారు కానీ, కొట్లో అమ్మని ఆ ముక్క జోలికి ఎవరూ పోలేదు. మెకానిక్ పనంటే సామాను మార్చడమే అయిన చోట, ఇలాంటి జబ్బు ఎప్పటికీ దొరకదు. ఆ సామాను ఖర్చంతా మాస్టారు పెన్షన్ డబ్బు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

కుర్రాడు మామూలు కరెంటు వైరు ముక్క ఒకటి తెచ్చాడు. మేస్త్రీ వద్దన్నాడు. “ఇందులో పోగులు లావు. కదలని చోట పనికొస్తయ్. ఇది రోజంతా వంగే చోటు, సన్నపోగులు ఎక్కువున్న వైరు కావాల.” పాత సామాన్ల డబ్బాలో చేత్తో తడుముతూ మెత్తటి వైరొకటి వెతికి తీశాడు. రెండు కొసలకీ టంకం పెట్టి, పళ్ళెం ఇటు చివర నుంచి అటు చివరకు తిరిగినా లాగకుండా, అలాగని రోటర్‌కు రాసుకోకుండా వంపు తిప్పి బిగించాడు. పళ్ళెం కింద ఒక చుక్క నూనె వేశాడు. పాయింట్ల గ్యాపు ఫీలర్ గేజితో 15 థౌకు, అంటే అంగుళంలో వెయ్యికి 15 వంతులకు, పెట్టి, టైమింగ్ సరిచూసి, మళ్ళీ గొట్టం పీల్చాడు. నా వేగం పెరిగింది. వదిలాడు, తగ్గింది. ఈసారి కుర్రాడికి ఇచ్చి పీల్చమన్నాడు. వాడు పీల్చి, నా చప్పుడు మారడం విని, కళ్ళింత చేసుకుని ఇంకోసారి పీల్చాడు.

మేస్త్రీ తీసుకున్నది చేసిన పనికి కూలి, ఆ వైరు ముక్కకు పది రూపాయలు. మాస్టారు ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. పైగా డిక్కీలో పడున్న నా పాత కాయిల్ చూసి, “ఇది మంచి సరుకు మాస్టారూ, దీన్నే బిగిస్తా, కొత్తది దగ్గర పెట్టుకోండి” అని మార్చి పెట్టాడు. మాస్టారు నోటుబుక్కు తీసి ఆ వైరు బొమ్మ గీసుకున్నారు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఎన్ని అంగుళాలో రాసుకున్నారు.

ఆ సాయంత్రమే వినుకొండ రోడ్డెక్కాం, కుర్రాణ్ణి కూడా ఎక్కించుకుని. యాభై అయిదు మీద, కాలు ఊరికే ఆనించి. ఒకటి, మూడు, నాలుగు, రెండు, ఎక్కడా తప్పలేదు. సంతమాగులూరు దాటాక కుర్రాడు చెవి డ్యాష్‌బోర్డు వైపు వంచి, “మాస్టారూ, ఒక టాపెట్ చప్పుడు ఎక్కువగా ఉందండీ” అన్నాడు. నిజమే. రెండో సిలిండర్ ఎగ్జాస్టుది. చల్లారాక చూడాలి, వచ్చే ఆదివారం తీసుకురమ్మన్నాడు.